తరగతి గదిలో సైగలు: అపోహలు – వాస్తవాలు

టీచర్ల ట్రైనింగుల్లో బాడీ లాంగ్వేజ్ గురించి చెప్పే మాటలు వినడానికి బాగుంటాయి. నలభై మంది పిల్లల ముందు నిలబడ్డాక వాటిలో కొన్ని అస్సలు నిలబడవు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ఎదురయ్యేవే రాస్తున్నాను.

అపోహ: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే. మిగతా 93 శాతం గొంతు, ముఖమే.

వాస్తవం: ఈ లెక్క మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాలది. విడి పదాలను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఇష్టమో అయిష్టమో దేన్నిబట్టి తెలుస్తోందని చూశారు. అన్ని రకాల సంభాషణకూ ఇది వర్తించదని ఆయనే చెప్పారు. పైథాగరస్ సిద్ధాంతం ముఖంతో చెప్పగలిగితే నాకు బోలెడు చాక్‌పీసులు మిగిలేవి.

అపోహ: ప్రశ్న అడగ్గానే పిల్లవాడు పైకి చూశాడంటే జవాబు రాదని అర్థం.

వాస్తవం: చాలాసార్లు లెక్క కడుతున్నాడని అర్థం. ప్రశ్న కష్టమయ్యేకొద్దీ పిల్లలు ఎదుటి మనిషి ముఖం మీంచి చూపు తిప్పుకోవడం పెరుగుతుందని బ్రిటన్‌లో గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ పరిశోధనల్లో తేలింది. ‘పదిహేడు ఎనిమిదులు ఎంత?’ అని అడిగి చూడండి. చూపు ఫ్యాను మీదకు పోతుంది, పెదాలు కదులుతాయి, బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తుంది. సరిగ్గా అప్పుడే మనం ‘నువ్వు చెప్పరా’ అని పక్కవాడి మీదకు వెళ్లిపోతాం. ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక్క సెకను ఆగుతారని, కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది నోరు విప్పుతారని మేరీ బడ్ రో అమెరికా బడుల్లో గమనించి 1970లలో రాశారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది గానీ, క్లాసులో నిలబడితే అది చాలా పొడవు. నేను చాక్‌పీసు కింద పెట్టేసి, మొదట లేచిన చేతి వైపు చూడకుండా ఉంటాను.

తలదించుకోవడం వేరే సంగతి. పెద్దవాళ్లు మందలిస్తుంటే కళ్లలోకి చూడకూడదని మన ఇళ్లలోనే నేర్పుతాం. బడిలో మాత్రం ‘తప్పు చేశావు కాబట్టే తల దించుకున్నావ్’ అంటాం. ఇదెక్కడి న్యాయం?

అపోహ: ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపారు. అర్థమైనట్టే.

వాస్తవం: ఆ తలూపుకి అర్థం ‘వింటున్నాం సార్’. చివరి పీరియడ్‌లో అయితే ‘బెల్లు కొట్టే టైమైంది సార్’. బొటనవేలు గుండెకు ఆనించి చూపించమనండి: అర్థమైతే పైకి, సగమే అయితే అడ్డంగా, కాకపోతే కిందికి. గుండెకు ఆనించడం ఎందుకంటే పక్కవాడికి కనపడకూడదు. అయినా పైకి చూపించిన వేళ్లన్నీ నిజం కాదు. వెంటనే ఒక చిన్న లెక్క ఇచ్చి నోటుబుక్కులు చూడాల్సిందే.

అపోహ: సైగలు పిల్లలకు వాటంతటవే అర్థమవుతాయి.

వాస్తవం: చిటికెన వేలు చూపిస్తే ఒంటికి వెళ్లాలని అర్థమయ్యేది బడి నేర్పింది కాబట్టే. మనవీ అంతే. చేయెత్తి నిలబడితే పెన్ను కింద పెట్టాలన్నది మొదటి వారంలో మాటతో పాటు చూపించి, తర్వాత మాట తీసేయాలి. మూడు నాలుగు సైగలు మించితే మనకే గుర్తుండవు. చేయెత్తి, ఆగలేక ‘సైలెన్స్!’ అని అరిచారంటే పిల్లలు ఇక చేతిని పట్టించుకోరు, అరుపు కోసమే చూస్తారు.

అపోహ: కళ్లెర్రజేస్తే క్లాసు కంట్రోల్లో ఉంటుంది.

వాస్తవం: ఉంటుంది, ఐదు నిమిషాలు. అల్లరి జరిగాక ఎలా అదిలించామన్నది కాదు, క్లాసులో ఏం జరుగుతోందో టీచరుకు తెలుసని పిల్లలకు అనిపించడమే ముఖ్యమని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కౌనిన్ 1970లోనే చెప్పారు. పాఠం ఆపకుండా అల్లరి చేసేవాడి బెంచీ దగ్గరికి నడిచి, తెరిచి ఉన్న పేజీ మీద వేలు పెట్టి ముందుకు పోతే సరిపోతుంది. పేరు పిలవలేదు కాబట్టి వాడి పరువూ పోలేదు.

అపోహ: సైగలు అందరికీ చేరతాయి.

వాస్తవం: చూపు మందగించిన పిల్లకు వెనక బెంచీ నుంచి బోర్డే కాదు, మన ముఖమూ ఆనదు. అలాంటి పిల్లలను పేరుతో పిలవాలి. వినికిడి తక్కువున్న పిల్లలు పెదాలు చూసి అందుకుంటారు కాబట్టి బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. రాయడం అయ్యాక తిరిగి చెప్పండి.