పాల బండి దారి

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి, మీతోపాటు దీన్ని చదివే మీ ఈడు పిల్లలందరికీ చిత్తూరు నుంచి అవ్వ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

గంగజాతరకు ఇంటికి వచ్చినప్పుడు పెద్దపిల్ల నన్నొక మాట అడిగింది. తాను పనిచేస్తున్న శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఏడాదికి రెండు మూడు సార్లు మార్పు గురించి మీటింగులు పెడతారనీ, గోడకు కొత్త బోర్డు తగిలిస్తారనీ, నెల తిరిగేసరికి పని మళ్లీ పాత దారిలోనే పోతుంటుందనీ చెప్పి, "అవ్వా, ఒక సంస్థ నిజంగా మారడమంటే ఏంది?" అని అడిగింది. ఆ సందడిలో నేను సరిగా బదులు చెప్పలేకపోయాను. ఇరవై ఎనిమిదేళ్లు ఒక పాల శీతలీకరణ కేంద్రంలో పరీక్షల గదిలో పనిచేసినదాన్ని కాబట్టి, నాకు తెలిసిన ఆ పనిలోనుంచే బదులు చెబుతాను.

మా కేంద్రానికి చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి రోజూ పొద్దునా సాయంత్రమూ పాలు వచ్చేవి. నలభై లీటర్ల అల్యూమినియం క్యాన్లు వ్యాను మీదనుంచి దిగగానే, ఒక్కొక్క దానిలోనుంచి కొద్దిగా పాలు తీసి, గాజు గొట్టంలో పోసి వేడి నీళ్లలో పెట్టడం నా మొదటి పని. వేడికి విరిగితే ఆ క్యాను పుల్లబారినట్టు లెక్క. దాన్ని పక్కన పెట్టి, రిజిస్టరులో ఊరి పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. పొదుగులోనుంచి వచ్చిన పాలు ఆ వెచ్చదనంలోనే ఉంటే వాటిలోని సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. నాలుగు డిగ్రీలకు చల్లబరిస్తే ఆ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. కాబట్టి పితికిన క్షణం నుంచి చల్లబరిచే క్షణం దాకా ఎంతసేపు పట్టిందన్నదే మా వృత్తికి ప్రాణం.

ఒక ఎండాకాలం, చల్లదనానికి పేరుబడిన మా పడమటి కొండల వైపు కూడా పొద్దున ఏడుకే చెమట పట్టే రోజుల్లో, వారానికి నాలుగైదు క్యాన్లు పుల్లబారడం మొదలైంది. పెద్ద కార్యాలయం నుంచి వరుసగా ఉత్తరువులు వచ్చాయి. క్యాన్లు సోడాతో కడగాలన్నారు, రైతులు పొదుగు కడిగి పితకాలన్నారు, చివరికి పాలు చెడిన ఊరికి ఆ రోజు డబ్బు కోస్తామన్నారు. ఇంకా పెద్ద చల్లబరిచే యంత్రం కొనాలని కూడా రాసుకున్నారు. ఇవేవీ తప్పు ఆలోచనలు కావు, అయినా ఎర్ర సున్నాలు తగ్గలేదు. నా రిజిస్టరులో ఆ సున్నాలన్నీ దాదాపు ఒకే ఊరికి, కేంద్రానికి అన్నిటికంటే దగ్గరగా, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న దిగువ ఊరికి ఎదురుగా ఉన్నాయి. వాటిని చుట్టింది నా చెయ్యే. ఇంత దగ్గరి ఊరి పాలే ఎందుకు చెడుతున్నాయని నేను ఒక్క రోజు కూడా అడగలేదు. నా పని పరీక్ష చేసి రాయడం వరకేనని అనుకున్నాను. ఆ ఊళ్లో ఒక్క పాడి ఆవు మీద సంసారం నెట్టుకొస్తున్న ఆడవాళ్లకు ఆ నెల కోసిన డబ్బు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

ఒక పొద్దున చెడిన క్యాను పక్కకు జరుపుతుంటే, వ్యాను నడిపే ఆయన బీడీ ఆర్పి దగ్గరికొచ్చి అన్నాడు: "అక్కా, దిగువూరి పాలు నా బండిలో మూడు గంటలు ఊరేగుతాయి. పోయేటప్పుడు ఎక్కించుకుంటా పోయి, ఎగువూరి నుంచి ముప్పావు గంట నిండు బండి తోలుకోని వస్తాను. ఉట్టి బండి ముందు పైకి పోయి, దిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటే ఆ ముప్పావు గంట పాలకు మిగలదా?"

ఆయన చెప్పింది మీరు కూడా కాగితం మీద గీసి చూడండి. బండి అయిదింటికి బయలుదేరి, మొదట దిగువూరి పాలు ఎక్కించుకొని, ఒక్కొక్క ఊరూ తిరుగుతూ ఏడున్నరకు అన్నిటికంటే చివరిదైన ఎగువూరు చేరి, అక్కడి నుంచి ఎక్కడా ఆగకుండా ఎనిమిదింబావుకు కేంద్రానికి వస్తుంది. అన్ని క్యాన్లూ నిండిన తర్వాత ఆ ఆగని ప్రయాణం జరుగుతోంది కాబట్టి, పదకొండు ఊళ్ల పాలూ ఆ ముప్పావు గంట ఎండలో ఉంటున్నాయి. అదే ప్రయాణం పాలు ఎక్కకముందే జరిగిపోతే ఎవరి పాలకూ ఆ కాలం తగలదు. పైసా ఖర్చు లేదు. ఈ సంగతి ఆయనకు రెండేళ్లుగా తెలుసు. ఎవరికి చెప్పాలో తెలియలేదు, ఆయనను అడిగినవాళ్లూ లేరు.

పిల్లలూ, ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం. పని ఎక్కడ చెడుతోందో అక్కడ నిలబడినవాడికి ముందే తెలిసి ఉంటుంది. ఆ తెలిసిన సంగతి నిర్ణయం చేసేవాళ్ల దాకా పోయే దారి ఉన్న సంస్థ బాగుపడుతుంది, ఆ దారి లేని చోట ఎన్ని యంత్రాలు కొన్నా చెడేది చెడుతూనే ఉంటుంది.

దీన్ని ఎంతో శ్రద్ధగా పట్టించుకున్నవాళ్లు జపాన్‌లో ఉన్నారు. సకిచి టొయోడా అనే ఆయన మగ్గాలు చేసేవాడు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు చూసినవాళ్లకు తెలుసు, ఒక పోగు తెగినా మగ్గం ఆడుతూనే ఉంటే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది. పోగు తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోయే మగ్గాన్ని ఆయన తయారుచేశాడు. 1924లో పూర్తయిన ఆ మగ్గానికి ఎంత పేరొచ్చిందంటే, ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ 1929లో దాని హక్కులు కొనుక్కుంది. ఆయన కొడుకు 1937లో మొదలుపెట్టిన టొయోటా కార్ల కంపెనీ కూడా అదే బుద్ధిని పట్టుకుంది. అక్కడ లైను మీద పనిచేసే మామూలు కార్మికుడు తప్పు కనిపిస్తే తలపైనున్న తాడు లాగుతాడు, లేదా బటను నొక్కుతాడు. అప్పటికప్పుడు సరిచెయ్యలేకపోతే లైనంతా ఆగుతుంది. ఆపినందుకు తిట్టరు, ఎందుకు ఆపాల్సి వచ్చిందో చూడటానికి పైవాళ్లు వస్తారు. ఆ పద్ధతికి రూపమిచ్చిన తైచి ఓనో, ఏ తప్పు జరిగినా 'ఎందుకు' అని అయిదుసార్లు అడగమనేవాడు.

ఆ ప్రశ్నను మా పాలకు పెట్టి చూడండి. పాలెందుకు పుల్లబారాయి? వెచ్చగా మూడు గంటలు క్యాన్లో ఉన్నందుకు. ఎందుకున్నాయి? బండి ఆ ఊరికే ముందు పోతున్నందుకు. ఎందుకు పోతోంది? దారి పట్టిక అట్లా ఉన్నందుకు. పట్టిక ఎందుకట్లా ఉంది? కేంద్రం పెట్టిన కొత్తలో పాలు పోసేవి మూడు ఊళ్లే, అవన్నీ దగ్గరివే. తర్వాత చేరిన ప్రతి ఊరినీ పట్టిక చివర అతికించుకుంటూ పోయారు. మరి కొత్త ఊరు చేరినప్పుడైనా పట్టికను తిరిగి ఎందుకు చూడలేదు? చూడటం ఎవరి పనీ కానందుకు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగితే రైతుకు డబ్బు కోస్తాము, అయిదో ప్రశ్న దాకా పోతే ఊరు చేరిన ప్రతిసారీ పట్టికను చూసే బాధ్యత ఒకరికి అప్పగిస్తాము.

అయితే దారి తిప్పగానే అంతా చక్కబడిందని అనుకోకండి. ఎగువూరి వాళ్లు ఏడింటికి పితికేవాళ్లు, ఇప్పుడు అయిదున్నరకు పితకాలి. అది వాళ్లకు కష్టమే అయినా, చల్లపొద్దున పాలు పోతాయని ఒప్పుకున్నారు. చిక్కు దిగువూరిలో వచ్చింది. అక్కడి ఆడవాళ్లు ఏడింటికి వేరుశనగ చేలల్లో కూలికి పోవాలి. బండి ఏడున్నర దాటాక వస్తుందంటే అంతదాకా ఆగి పాలు పితికి పోసేదెవరు? కార్యాలయంలో కొందరు "వీళ్లు మార్పుకు ఒప్పుకోరు" అని విసుక్కున్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మార్పు వల్ల వచ్చే లాభం ఒకరికి, కష్టం ఇంకొకరికి వచ్చినప్పుడు, కష్టం వచ్చినవాళ్లు ఒప్పుకోకపోవడం మొండితనం కాదు, వాళ్లు మనకు తెలియని లెక్క ఒకటి చెబుతున్నారని అర్థం. చివరికి దారి చూపింది ఆ ఊరివాళ్లే. నాలుగు కిలోమీటర్లే కదా, క్యానుకు ఇంతని కూలి ఇస్తే ఆరున్నరకల్లా సైకిలు మీద మేమే తెచ్చి దించుతామన్నారు. అట్లా దిగువూరికి బండే అక్కర లేకపోయింది. ఆ ఎండాకాలం ముగిసేలోపు ఆ ఊరికి ఎదురుగా నేను ఎర్ర సిరా వాడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంకొక సంగతి, పని ఇరుకయ్యే చోటు గురించి. తిరుమలలో సర్వదర్శనానికి మనం ఎన్నిసార్లు పోలేదు! సన్నిధి ముందు గంటకు ఎంతమంది సాగగలరో దానికొక హద్దు ఉంది. వెనక ఎంత వేగంగా జనాన్ని పంపినా ఆ గడప దగ్గర ఆగాల్సిందే. అందుకే వైకుంఠం కాంప్లెక్సులో కూర్చోబెట్టడం, కొండ కింద విష్ణునివాసం, శ్రీనివాసం వంటి చోట్ల సమయం వేసిన టోకెన్లు ఇవ్వడం వచ్చాయి. వీటివల్ల గడప వెడల్పు కాలేదు. కానీ చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి గంటల తరబడి వరుసలో నిలబడకుండా, తన సమయం వచ్చేదాకా ఎక్కడో ఒకచోట నడుము వాల్చగలుగుతోంది. అదీ మెరుగే.

ఇరుకైన చోటును వెడల్పు చేసిన వాళ్లూ ఉన్నారు. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడు మన తిరుపతిలోనూ వాళ్ల ఆసుపత్రి ఉంది. కంటి ఆపరేషన్లలో అన్నిటికంటే అరుదైనది డాక్టరు సమయం. ఆ డాక్టరు ఒక బల్ల మీద ఆపరేషన్ చేస్తుండగానే పక్క బల్ల మీద నర్సులు ఇంకొక రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. మొదటిది ముగియగానే డాక్టరు ఇటు తిరుగుతాడు, ఎదురుచూపు ఉండదు. కంట్లో అమర్చే కటకాలు విదేశాల నుంచి చాలా ఖరీదుకు వస్తుంటే, 1992లో ఆరోల్యాబ్ పెట్టి వాటిని తామే తయారుచేసుకున్నారు. డబ్బు ఇవ్వలేని లక్షలమందికి చూపు వచ్చిందంటే, ఆ పని ఎక్కడ ఆగుతోందో పట్టుకుని చూసినందుకే.

కొలతల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగమే కొలవడం. పాలలో వెన్న కొలిచే బ్యూటిరోమీటరు అనే గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల గంధకామ్లం, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, రబ్బరు బిరడా బిగించి కుదిపితే గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. యంత్రంలో గిరగిర తిప్పి తీస్తే వెన్న పసుపుగా పైకి తేలి గీతల దగ్గర నిలుస్తుంది. లీటరుకు ఇంతని డబ్బిచ్చే చోట పాలలో నీళ్లు చేరాయి. వెన్నను బట్టి ఇవ్వడం మొదలుపెడితే నీళ్లు తగ్గాయి గానీ, వెన్న తక్కువుండే ఆవు పాల రైతుకు అన్యాయం జరిగింది. అందుకే వెన్నతోపాటు వెన్న కాని ఘనపదార్థాలకూ ధర కట్టే పద్ధతి వచ్చింది. సంస్థ దేన్ని కొలిచి డబ్బిస్తే జనం దానివైపే వంగుతారు. మీ ఫ్యాక్టరీలో గంటకు ఎన్ని ముక్కలు తయారయ్యాయని మాత్రమే కొలిస్తే, తప్పు కనిపించినా లైను ఆపే ధైర్యం ఎవరికి వస్తుంది?

తెలిసినా మారలేకపోయిన వాళ్ల గురించి మీరు చదివే ఉంటారు. ఫిల్ము లేని డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసిన స్టీవ్ సాసన్, కోడాక్ కంపెనీ ఇంజనీరే. అదే కోడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. వాళ్లకు కళ్లు లేవని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. చూసినవాడు వాళ్ల ఇంట్లోనే ఉన్నాడు, చూసింది చెప్పాడు కూడా. ఫిల్ము మీద వచ్చే లాభం ఆ మాటను నిర్ణయం కానివ్వలేదు. దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1946లో గుజరాత్‌లో పుట్టిన ఆనంద్ పాల సహకార సంఘానికి (అమూల్ వాళ్లదే) చలికాలంలో గేదె పాలు పొంగిపొర్లేవి, అమ్ముకునే దారి లేదు. గేదె పాలతో పొడి చెయ్యడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. అక్కడే పనిచేస్తున్న హెచ్.ఎం. దలాయా కుదురుతుందన్నాడు, సంఘాన్ని నడిపిస్తున్న వర్గీస్ కురియన్ ఆయన మాట విన్నాడు. 1955లో ఆ ఫ్యాక్టరీ మొదలైంది. నిపుణుల మాట కంటే తమ దగ్గర పాలతో రోజూ మసలే మనిషి మాటకు బరువిచ్చారు, ఆ నిర్ణయం మీద నాకు ఎంతో గౌరవం.

అమ్మా, ఇక నీ ఫ్యాక్టరీ సంగతి. వచ్చే సోమవారం నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకో. నీ లైను ఆగిన ప్రతిసారీ ఎన్ని గంటలకు ఆగిందో, ఆగినప్పుడు ఆ చోట నిలబడినది ఎవరో, వాళ్లు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయి. కారణం నువ్వు రాయవద్దు. తమ్ముణ్ణి కూడా తన కాలేజీ హాస్టలు మెస్సు దగ్గర అట్లాగే రాయమను, అన్నం ఏ పూట మిగిలిపోతోందో వంటవాళ్లకు తెలిసినంత వార్డెనుకు తెలియదు. దసరా సెలవులకు ఇద్దరూ ఆ పుస్తకాలు తీసుకుని రండి. నా పాత రిజిస్టరు ఒకటి అటక మీద ఉంది, అదీ దింపిస్తాను. ముగ్గురం కూర్చుని, మొదటి పేజీ నుంచి ఒక్కొక్క దానికీ 'ఎందుకు' అని అడుగుతూ పోదాం.

మీ అవ్వ,
చిత్తూరు