తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండి కాదు: సెకండ్‌హ్యాండ్ హాట్ హ్యాచ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, బండి దొరికింది. ఏడేళ్ల పాతదే గానీ ముప్పై వేలే తిరిగింది. ఇంక చూసేదేముంది, అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా."

వారంలో కనీసం ఒక్కసారైనా ఈ ఫోన్ వస్తుంది. అవతల ఉత్సాహం, ఇవతల నాకు టెన్షన్. సెకండ్‌హ్యాండ్ బండ్లు కొనేవాళ్ల తరఫున వెళ్లి, బండిని చూసి, తీసుకోవచ్చో లేదో చెప్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పిల్లలు పుట్టాక కూడా డ్రైవింగ్ మీద ఇష్టం చావనివాళ్లు. పికప్ కావాలి, వెనక సీట్లో పాప కూడా హాయిగా కూర్చోవాలి. ఆ కోరికలో తప్పేమీ లేదు, రెండూ కుదిరే బండ్లు ఉన్నాయి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కే బలమైన ఇంజన్ పెట్టిన ఆ బండ్లనే హాట్ హ్యాచ్‌లు అంటారు. వాళ్లను ముంచేది ఆ కోరిక కాదు, మీటర్ మీద కనిపించే ఒక్క అంకె.

అపోహ: రీడింగ్ తక్కువుంటే బండి కొత్తదానితో సమానం.

ఈ ఒక్క నమ్మకం వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు మిగతావన్నీ కలిపినా పోగొట్టుకోలేదు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువసేపే చెబుతాను.

ఏడేళ్లలో ముప్పై వేలు అంటే రోజుకు పన్నెండు కిలోమీటర్లు కూడా కాదు. అంటే ఆ బండి చాలావరకు ఇంటి నుంచి దగ్గర్లోకే వెళ్లి వచ్చి ఉండొచ్చన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు పెట్రోలు అవసరానికి మించి పడుతుంది. అందులో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి కిందున్న ఆయిల్లో కలుస్తుంది. బండి దూరం పోతే, ఆయిల్ బాగా వేడెక్కి ఆ పెట్రోలూ తేమా ఆవిరైపోతాయి. పది నిమిషాల్లో ఆపేస్తే అక్కడే ఉండిపోతాయి. టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చింది కదా అంటారు. అది చూపించేది కూలెంట్ వేడి, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడి. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలాసేపు పడుతుంది. ఇక ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉంటుంది, దాని షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొరే. ఆ ఆయిల్లో పెట్రోలు కలిసి పలచబడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి. ఈ ఇంజన్లలో చాలావరకు డైరెక్ట్ ఇంజెక్షన్‌వి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది కాబట్టి గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులను కడిగేది ఏమీ ఉండదు. ఆయిల్ ఆవిరి వాటి మీద పేరుకుని మాడి, నల్లటి పెచ్చులా గట్టిపడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి వణుకుతుంది, ఒక సిలిండర్ మిస్ కొడుతుంది. అప్పుడు ఆ వాల్వులకు గాలి తెచ్చే మానిఫోల్డ్ విప్పి, వాల్‌నట్ పెంకుల పొడి కొట్టి శుభ్రం చేయాలి.

పైగా రబ్బరూ ఆయిలూ బండి తిరగకపోయినా వయసుతో పాడవుతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలుండాలి, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైన టైరు. దాని మీద గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు ఈపాటికి గట్టిపడిపోయి ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఆ అంకెనే నమ్మాను. ఒక జంట వచ్చారు, ఆమెకు ఏడో నెల. ఎనిమిదేళ్ల బండి, ఇరవై ఎనిమిది వేల రీడింగ్. పిస్టన్లనూ వాల్వులనూ ఒకే తాళంలో నడిపే టైమింగ్ బెల్ట్ మార్చే గడువు ఎన్ని వేల కిలోమీటర్లో నాకు తెలుసు, ఇంకా బోలెడంత దూరం ఉంది కదా అని తీసుకోమన్నాను. బెల్ట్‌కు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, ఏది ముందొస్తే అదే లెక్క. ఆ ఏళ్లు నేను చూడలేదు. నాలుగు నెలల తర్వాత నడిరోడ్డు మీద బెల్ట్ తెగింది. పిస్టన్లు వాల్వులను గుద్దేశాయి, ఇంజన్ పైభాగం, అంటే హెడ్ మొత్తం దింపాల్సి వచ్చింది. అతను ఫోన్ చేసి గొడవేమీ పడలేదు. "మీరు చూశారు కదన్నా" అన్నాడు, అంతే. పాప అప్పటికి రెండు నెలలది, ఆ సమయంలో బండితోనే వాళ్లకు పని. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. అప్పటి నుంచి ఏ బండి దగ్గరకెళ్లినా రీడింగ్ చివర్న చూస్తాను.

ముందు చూసేది బిల్లులు. సర్వీస్ బుక్‌లో ముద్రలు కాదు, బిల్లులే. ఏ తేదీన, ఏ రీడింగ్ దగ్గర, ఏ గ్రేడు ఆయిల్ పోశారో అందులో ఉంటుంది. కొన్ని కంపెనీలు కొన్నిచోట్ల ముప్పై వేలకో రెండేళ్లకో ఒకసారి ఆయిల్ మార్చినా చాలంటాయి. హాట్ హ్యాచ్ విషయంలో నేను ఒప్పుకోను. పదివేలకు గానీ ఏడాదికి గానీ మార్చిన ఓనరు దొరికితే లక్ష దాటిన బండైనా నాకు భయం లేదు.

తర్వాత ఇంజన్ చల్లగా ఉండగా చూడాలి. మీరు వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి వేడిచేసి పెట్టారంటే ఇంకోరోజు పొద్దున్నే వస్తానని వెనక్కి వచ్చేయండి. బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత విప్పి కింది వైపు చూడండి. మీగడలా పసుపు తెలుపు నురగ ఉంటే, కూలెంట్ ఆయిల్లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందని అప్పుడే హడలిపోకండి. చాలాసార్లు అది లోపల చిక్కుకున్న తేమే. కూలెంట్ తగ్గుతోందో లేదో చూస్తే తేడా తేలుతుంది. గాస్కెట్ బాగానే ఉన్నా, ఆ నురగ బండి ఎలా బతికిందో చెబుతుంది. డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచండి. మట్టం పై గీత దాటి, ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన కొడితే, ఆ బండి రీడింగ్ ఎంతున్నా నాకు అనవసరం.

అపోహ: రీమ్యాప్ తీసేసి మళ్లీ స్టాక్‌కి మార్చారు కాబట్టి ఇబ్బంది లేదు.

రీమ్యాప్ అంటే పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చడం, స్టాక్ అంటే కంపెనీ ఇచ్చిన అసలు సెట్టింగ్. సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్తుంది. ఆ ఎక్కువ పవర్‌కు అరిగిన క్లచ్ ప్లేటు వెనక్కి రాదు. అమ్మేవాళ్లందరూ అబద్ధం చెబుతారని కాదు, చాలామందికి తమకు ముందున్న ఓనరు ఏం చేశాడో నిజంగానే తెలియదు. అందుకే అడిగి ఊరుకోకుండా చూడాలి. గేర్ లివర్ ఉన్న బండైతే ఖాళీ రోడ్డు మీద పై గేర్లో, తక్కువ స్పీడులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. బండి వేగం అందుకోకుండా ఇంజన్ మాత్రం గీపెడితే క్లచ్ జారుతున్నట్టే. టర్బో పైపుల క్లిప్పులు చూడండి, వాటిలో ఒకటీ రెండే కొత్తగా మెరుస్తుంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు. స్కానర్ పెట్టినప్పుడు ఎర్రర్లు లేవు అన్న మాటతో ఆగకండి. రెడీనెస్ మానిటర్లు, అంటే బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తి కాలేదని చూపిస్తే, మీరు వచ్చే ముందే ఎవరో ఎర్రర్లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ విప్పి ఉండొచ్చు. ఎందుకని నిలదీసి అడగండి.

రీమ్యాప్ ఉన్న బండిని కొనొద్దని నేను అనను. మంచి చేతుల్లో చేయించి, కాగితాలు దాచిపెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి. ప్రమాదం జరిగాక ఈ సంగతి బయటపడితే క్లెయిమ్ చేతికి రాకపోవచ్చు.

టర్బో అంటేనే ఎప్పటికైనా పేలుతుంది అన్న పుకారుకు ఇక సెలవివ్వండి. ఈరోజుల్లో మామూలు ఫ్యామిలీ కార్లలో కూడా అదే ఉంది. ఆయిల్ సరిగ్గా ఉంటే దాని పని అది చేసుకుపోతుంది. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తే పిల్లలకు ఎక్కువ భద్రత అన్నది కూడా సగం నిజమే. తడి రోడ్డు మీద కదలడానికి అది సాయం చేస్తుంది, ఆగడానికి చేయదు. ఆపేవి బ్రేకులు, టైర్లు. పైగా అలాంటి బండికి నాలుగు టైర్లూ ఒకేలా అరిగి ఉండాలి. రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కు సర్వీస్ అక్కర్లేదని చెప్పేవాళ్లనూ నమ్మకండి. ఫోక్స్‌వ్యాగన్ అలాంటి గేర్‌బాక్స్‌ను డీఎస్‌జీ అంటుంది, అందులో క్లచ్ ఆయిల్లో మునిగి ఉండే ఆరు గేర్ల వెట్ క్లచ్ రకానికి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆ బిల్లు లేదంటే ఆ పని జరగనట్టే లెక్కేసుకుని బేరం ఆడండి.

అపోహ: ఐదు సీట్ల హ్యాచ్‌కి స్పోర్ట్ బ్యాడ్జి పడినంత మాత్రాన లోపల ఏమీ మారదు.

మారుతుంది. ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో జీటీఐ డిక్కీ 380 లీటర్లు, అదే నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే గోల్ఫ్ ఆర్ తీసుకుంటే 343. వెనక చక్రాలకు పవర్ పంపే సరంజామా కింద చోటు ఆక్రమిస్తుంది. 2017లో వచ్చిన హోండా సివిక్ టైప్ ఆర్‌లో డిక్కీ పెద్దదే, కానీ వెనక కూర్చునేది ఇద్దరే. ముగ్గురు పిల్లలున్న ఇంటికి అది కుదరదు. టొయోటా జీఆర్ యారిస్‌కు మూడు డోర్లే, డిక్కీ 174 లీటర్లు. డ్రైవింగ్ ఎంత ముద్దొచ్చినా రోజూ చిన్నపిల్లను వెనక సీట్లోకి ఎక్కించి దించేవాళ్లకు నేను మూడు డోర్ల బండి చెప్పను. నడుం పట్టేస్తుంది.

సస్పెన్షన్ గట్టిదనం డ్రైవర్ సీట్లో కూర్చుంటే తెలియదు. టెస్ట్ డ్రైవ్‌లో కాసేపు స్టీరింగ్ ఇంకొకరికిచ్చి మీరు వెనక కూర్చోండి. గతుకుల మీద మీ తల ఎలా ఊగుతుందో, సైలెన్సర్ మార్చిన బండైతే ఆ గుయ్‌మనే మోత చెవుల్లో ఎలా పడుతుందో అప్పుడు తెలుస్తుంది. పాప నిద్రపోవాల్సిన చోటు అదే.

మొన్న వచ్చిన జంట ఫోన్లో చెప్పిన ముప్పై వేల బండి చూశాను. మూత కింద నురగ, డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన, నాలుగు టైర్లూ బండి వయసువే. వద్దన్నాను. అతని మొహం వాడిపోయింది, నాకూ బాధేసింది. వారం తర్వాత ఇంకోటి చూశాం. రీడింగ్ లక్షా పన్నెండు వేలు. ఆ ఓనరు ఒక లావుపాటి ఫైలు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. ప్రతి ఏడాదీ ఆయిల్, యాభై ఏడు వేల దగ్గర ఒకసారి, లక్షా తొమ్మిది వేల దగ్గర ఒకసారి గేర్‌బాక్స్ ఆయిల్, పోయినేడాది నాలుగు టైర్లు. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, ఎక్కడా వణుకు లేదు.

"లక్ష దాటింది కదన్నా" అని అతను ఇంకా నసుగుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం తమ బండిలోంచి పాప సీటు తెచ్చి, వెనక్కి తిరిగి ఉండేలా వెనక సీట్లోని ఐసోఫిక్స్ కొక్కాలకు బిగించింది. ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వచ్చిందో చూసి, అందులో తనే కూర్చుంది. మోకాళ్లకు, డ్యాష్‌బోర్డుకు మధ్య ఇంకా జానెడు చోటుంది. తర్వాత పాపను భుజాన వేసుకుని, ఒక చేత్తోనే స్ట్రోలర్ మడిచి డిక్కీలో పెట్టి చూసింది. అడ్డంగా పట్టలేదు. ముందు చక్రాలు ఊడదీసి ఐమూలగా పెడితే మూత పడింది. తీసి, ఇంకోసారి పెట్టి చూసుకుంది. డిక్కీ మూసి భర్త వైపు తిరిగి, "ఇంక రేటు మాట్లాడండి" అంది.