జవాబు అడగని ఉత్తరం

ఆత్మహత్యాయత్నం చేసి బతికి బయటపడ్డ మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి చేతిలో ఒక చీటీ పెడుతుంది. వాడాల్సిన మందులు, మళ్లీ రావాల్సిన తేదీ. చాలామంది ఆ తేదీకి రారు. సిగ్గు, నిస్సత్తువ, ఇంట్లోవాళ్లు ఆ ఊసే ఎత్తకపోవడం, కారణం ఏదైనా కావచ్చు. రిజిస్టరులో 'రాలేదు' అని రాసుకుంటారు, అంతటితో సరి. ప్రమాదం మాత్రం అంతటితో సరిపోదు. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో, సైకియాట్రీ వార్డు నుంచి ఇంటికెళ్లిన మొదటి మూడు నెలల్లోనే ఆత్మహత్యల రేటు అన్నిటికన్నా ఎక్కువని తేలింది.

ఈ 'రాలేదు' అన్న మాట దగ్గర ఆగినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో సైకియాట్రిస్టు జెరోమ్ మోటో. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉన్నప్పుడు, కొద్దిపాటి పరిచయమున్న ఒక యువతి ఆయనకు ఉత్తరాలు రాసేది. ఏమీ ఆశించని ఆ ఉత్తరాలు తనను ఎలా నిలబెట్టాయో ఆయన మర్చిపోలేదు. 1969లో పని మొదలుపెట్టారు. కుంగుబాటుతోనో, చనిపోవాలన్న ఆలోచనతోనో ఆసుపత్రిలో చేరిన మూడు వేల మందిలో, డిశ్చార్జి అయ్యాక చికిత్స వద్దన్నవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు 843 మంది తేలారు. వాళ్లను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి ఒక వర్గానికి ఉత్తరాలు రాశారు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆపైన మూడు నెలలకొకటి, అయిదేళ్లలో మొత్తం 24.

ఉత్తరమంటే రెండే రెండు వాక్యాలు. మీరు ఇక్కడి నుంచి వెళ్లి కొంతకాలమైంది, అంతా బాగానే ఉందనుకుంటున్నాం. రాయాలనిపిస్తే రాయండి, సంతోషిస్తాం. అంతే. మందులు వేసుకుంటున్నారా అన్న ఆరా లేదు, ఫలానా రోజు రండి అన్న పిలుపు లేదు. ఆసుపత్రిలో ఆ మనిషితో కూర్చుని మాట్లాడినవాళ్లే సంతకం చేసేవారు. తిరుగు చిరునామా రాసిన కవరు జతచేసేవారు గానీ దానికి స్టాంపు అతికించేవారు కాదు. జవాబు రాయకపోతే తప్పన్నట్టు అనిపించకూడదు కదా! నాకు ఈ ప్రయోగమంతటిలో ఎక్కువ నచ్చింది ఆ స్టాంపు లేని కవరే.

2001లో వెలువడిన తుది ఫలితాల్లో, ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువ. తేడా మొదటి రెండేళ్లలో స్పష్టంగా కనిపించింది.

దారి ఆ తర్వాత అంత నున్నగా ఏమీ సాగలేదు. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో ఏడాదికి ఎనిమిది పోస్టుకార్డులు పంపితే, మళ్లీ ప్రయత్నించిన ఘటనలు కార్డులు అందనివాళ్లలో 192 ఉంటే, అందినవాళ్లలో 101 మాత్రమే. కానీ మళ్లీ ప్రయత్నించిన మనుషుల శాతం పెద్దగా మారలేదు. పదేపదే ప్రయత్నించేవాళ్లలోనే ఆ తగ్గుదల ఎక్కువన్నమాట. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో అదే పోస్టుకార్డు పారలేదు. కాబట్టి కార్డే మందు అనుకుంటే పొరపాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. చెన్నై, కొలంబో, బ్రెజిల్‌లోని కంపినాస్, ఇరాన్‌లోని కరాజ్, చైనాలోని యున్‌చెంగ్, ఈ అయిదు చోట్ల అత్యవసర విభాగాలకు వచ్చిన 1,867 మంది ఇందులో ఉన్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లతో ఇంటికి పంపేముందు ఒక గంటసేపు కూర్చుని మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో, ఇంటికెళ్లి పలకరించడమో చేశారు. 2008లో వచ్చిన లెక్క ప్రకారం, ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్లలో 2.2 శాతం, పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. ఖరీదైన పరికరమేదీ అక్కర్లేని పని ఇది. కావలసిందల్లా మనిషి, ఆ మనిషికి జీతం. చాలా ఆసుపత్రులు ఆగిపోయేది అక్కడే.

అమెరికాలో స్టాన్లీ, బ్రౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి భద్రతా ప్రణాళికను జోడించారు. మనసు మళ్లీ అటు లాగుతోందని ఏ గుర్తులు చెబుతాయి, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లోంచి ఏమేం తీసేయాలి, ఇవన్నీ రోగితో కలిసి, రోగి మాటల్లోనే కాగితం మీద పెట్టడం. దాంతోపాటు ఫోన్లు కూడా చేస్తే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం దాకా తక్కువగా కనిపించిందని 2018లో ప్రకటించారు.

ఫ్రాన్స్ 2015లో ఉత్తర ప్రాంతంలో మొదలుపెట్టిన 'విజిలాన్స్' కార్యక్రమంలో ఇంటికెళ్లే ప్రతి ఒక్కరికీ ఫోన్ నంబరున్న కార్డు ఇస్తారు. అంతకుముందు కూడా ప్రయత్నించినవాళ్లయితే, పది నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య కార్యక్రమం సిబ్బందే వాళ్లకు ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే పోస్టుకార్డు వెళ్తుంది.