సిస్టం స్లో అయితే ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి? అపోహలు - వాస్తవాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర కంప్యూటర్ రిపేర్ షాపు నాది. ఎవరైనా సిస్టం తెస్తే ఆన్ చేయగానే నా చూపు పోయేది కింద గడియారం పక్కనుండే బొమ్మల వరస మీదికే. క్లీనర్, బూస్టర్, డ్రైవర్ అప్‌డేటర్, వాటికి తోడు రెండు యాంటీవైరస్‌లు. స్లో అవ్వడానికి సగం కారణం అక్కడే ఉంటుంది.

అపోహ: డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనకపోతే వైరస్‌లు వచ్చేస్తాయి.

వాస్తవం: విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ లోపలే ఉంది. అప్‌డేట్లు ఆపకపోతే ఇంటి వాడకానికి అది చాలు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరితే తీసేయండి, డిఫెండర్ తనే ఆన్ అవుతుంది. విండోస్ 10 వాళ్లకి మాత్రం ఒక మాట: దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పొడిగింపుకి నమోదు చేసుకోకపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

నా దగ్గరికొచ్చే వైరస్ కేసుల్లో ఎక్కువ శాతం క్రాక్ సాఫ్ట్‌వేర్ల వల్లే, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టి వాడే దొంగ కాపీల వల్లే. "ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి" అని అందులోనే రాసుంటుంది. దొంగ గుమ్మంలో నిలబడి కుక్కని కట్టేయమంటే కట్టేస్తామా? మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కోసం క్రాక్ వెతికే బదులు లిబ్రేఆఫీస్ వేసుకోండి. జిప్ ఫైళ్లకి 7-జిప్, వీడియోలకి వీఎల్‌సీ. మూడూ పూర్తిగా ఉచితమే, ట్రయల్ గొడవ లేదు. కాకపోతే వాటి సొంత సైట్ల నుంచే దించుకోవాలి. వేరే సైట్లలో మెరిసే డౌన్‌లోడ్ బటన్లలో చాలావరకు ప్రకటనలే.

అపోహ: డెస్క్‌టాప్ మీద రిఫ్రెష్ కొడితే ర్యామ్ ఖాళీ అవుతుంది.

వాస్తవం: అవదు. తెరమీది బొమ్మల్ని మళ్లీ గీస్తుంది, అంతే. అలవాటైపోతే కొట్టుకోండి, నష్టం లేదు.

అపోహ: రిజిస్ట్రీ క్లీనర్ వేస్తే స్పీడ్ పెరుగుతుంది.

వాస్తవం: రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే పుస్తకం లాంటిది. దాన్ని శుభ్రం చేసే క్లీనర్లని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. పేరున్నదైతే భయం లేదనుకోవడానికీ లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే హ్యాకర్లు మాల్‌వేర్ దూర్చారు. అసలు పని ఉచితంగానే అవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్‌లోకెళ్లి అక్కర్లేనివి డిజేబుల్ చేయండి.

అప్పటికీ స్లోగానే ఉంటే అనుమానించాల్సింది డిస్క్‌నే. చీపురుపల్లి నుంచి ఒక మాస్టారు పాత డెస్క్‌టాప్ తెచ్చి, "బాబూ, స్లో అయిపోనాది, మంచి క్లీనర్ ఒకటి ఎక్కించీ" అన్నారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరిచాను. పైన పసుపు రంగులో కాషన్ అని ఉంది. కింద జాబితాలో సీ5 వరస, అంటే డిస్క్ చదవలేకపోయి, మార్చాల్సినవిగా గుర్తుపెట్టుకున్న సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గదుల) లెక్క, సున్నా ఉండాల్సింది 18 చూపిస్తోంది. అక్కడి అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పది బదులు పదహారు చొప్పున లెక్కపెట్టే పద్ధతిలో ఉంటాయి, కాబట్టి అసలు లెక్క 24. అలాంటి డిస్క్ మీద క్లీనర్ నడిపితే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. ముందు ఫొటోలు, స్కూల్ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసి, తర్వాత ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ వేశాం. ఆ స్పీడ్ ఏ బూస్టరూ ఇవ్వలేదు.

అపోహ: డిలీటయిన ఫైళ్లు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎప్పుడైనా వస్తాయి.

వాస్తవం: హార్డ్ డిస్క్‌లో, దానిమీద కొత్తది రాయనంతవరకు అవకాశం ఉంది. అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్‌ని ఫైలు పోయిన డ్రైవ్‌లోనే ఇన్‌స్టాల్ చేయకూడదు. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన చోటుని తుడిచేస్తుంది, ఆశ తక్కువ. బ్యాకప్ ఉంటే ఈ టెన్షనే లేదు.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్‌లే కనిపిస్తే ఫైళ్లు పోయినట్టే, ఫార్మాట్ చేయాలి.

వాస్తవం: ప్రింట్లు తీయించుకోడానికి వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌ల జబ్బు ఇది. ఫైళ్లు అందులోనే ఉంటాయి, వైరస్ వాటిని దాచేస్తుంది. షార్ట్‌కట్ మీద క్లిక్ చేయకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు, సిస్టం ఫైళ్లు రెండూ కనిపించేలా పెడితే పేరు లేని ఫోల్డర్‌లో తరచుగా దొరుకుతాయి. మీ ఫైళ్లు మాత్రం తీసుకుని, స్కాన్ చేసి, ఆ తర్వాత ఫార్మాట్ చేయండి.

అపోహ: తెలుగు టైపింగ్‌కి అను ఫాంట్లు కొనాల్సిందే.

వాస్తవం: సిరిమాను పండగ ఫ్లెక్సీలకో, శుభలేఖలకో డీటీపీ వాళ్లకి అవి కావాలి. మనకి 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలుపుకుని, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని ఫోన్‌కి పంపితే అడ్డదిడ్డమైన గుర్తులు కనిపించేది అది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి, కాదు కాబట్టి. దాన్ని కన్వర్టర్‌లో వేసి మార్చాలి, మార్చాక ఒత్తులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి.