30 మీటర్లు అని రాసి ఉంటే గోదావరిలో మునగొచ్చా? రెట్రో వాచీల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం నా వాచీ రిపేరు షాపు కట్టేసే వేళకి ఒక కుర్రాడు వచ్చాడు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, మా లెస్టర్‌లోనే మాస్టర్స్ చేస్తున్నాడు, సొంతూరు కొవ్వూరు. బ్యాగులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాడు. మూత తీస్తే బియ్యం. బియ్యంలో వాచీ. 1970ల నాటి పోలికతో చేసిన మోడల్, ముదురు ఆకుపచ్చ డయల్, గోధుమరంగు తోలు బెల్టు. పార్ట్ టైమ్ ఉద్యోగంలో మొదటి జీతం రాగానే 45 పౌండ్లు పెట్టి వాళ్ళ నాన్నగారికి కొని పంపాడట. ఆయన కార్తీకమాసంలో దాంతోనే గోదావరి స్నానానికి దిగారు. వెనక మూత మీద '30 మీటర్లు' అని ఉంది, రేవులో నీళ్ళు నడుం లోతు. ఆయన లెక్కలో తప్పేముంది?

తప్పు ఆయనది కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇదే కథ వేరే వేరే మనుషుల నోట నెలకి రెండు మూడుసార్లు వింటున్నాను. కొందరికి స్విమ్మింగ్ పూల్, కొందరికి షవర్, కొందరికి బీచ్. బాధ మాత్రం ఒక్కటే: ఇష్టంగా ఇచ్చిన వస్తువు పాడైపోయిందని.

అపోహ: 30 మీటర్లు అంటే 30 మీటర్ల లోతు దాకా భయం లేదు

ఆ అంకె లోతుది కాదు, ఒత్తిడిది. నీళ్ళలో ప్రతి పది మీటర్లకీ సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 30 మీటర్లన్నా, 3 ఏటీఎం అన్నా, 3 బార్ అన్నా ఒకటే. మామూలు వాచీలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22810. ఆ పరీక్ష కొత్త వాచీకి, ల్యాబులో, కదలని నీళ్ళలో చేస్తారు. తయారైన ప్రతి వాచీనీ ముంచి చూడక్కర్లేదు, కొన్నింటిని శాంపిల్‌గా తీసి చూసినా సరిపోతుంది. డైవర్లు పెట్టుకునే వాచీల ప్రమాణం వేరు, ఐఎస్ఓ 6425. దానికి కనీసం 100 మీటర్లు ఉండాలి, రాసిన అంకె కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు.

ఆచరణలో నేను కస్టమర్లకి చెప్పేది ఇదీ. 30 మీటర్లు అంటే చేతులు కడుక్కోవచ్చు, వానలో నాలుగడుగులు వేయొచ్చు. 50 అంటే కంపెనీ వాళ్ళు సరే అన్న చోట కాసేపు ఈత. 100 ఉంటే ఈత కొట్టండి. ఈ ధరలో వచ్చే రెట్రో వాచీలు చాలావరకు 30 దగ్గరే ఆగుతాయి. పాత మోడల్ పోలిక కావాలంటే కేసు పల్చగా ఉండాలి, అద్దం కొంచెం ఉబ్బుగా ఉండాలి, పక్కన కీ లాగి నొక్కే రకం ఉండాలి. మర బిగించే కీ, మందపాటి మూత పెడితే ఆ అందం రాదు. అందులో మోసమేం లేదు.

ఇక్కడ ఒక పుకారు గురించి కూడా చెప్పాలి. "ఈత కొట్టేటప్పుడు చెయ్యి విసిరితే ఒత్తిడి పది రెట్లు పెరుగుతుంది, అందుకే 30 మీటర్ల వాచీ ఆగదు" అని ఇంటర్నెట్ నిండా రాస్తారు. నాకు చిరాకు పుట్టించే మాట ఇది. సెకనుకి 5 మీటర్ల వేగంతో చెయ్యి విసిరినా పెరిగేది మీటరుంబావు లోతుకి సమానమైన ఒత్తిడే. వాచీని చంపేది అది కాదు.

చంపేది పాడైన గాస్కెట్, అంటే నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు. వెనక మూత కింద ఒకటి, కీ గొట్టంలో ఒకటి, అద్దం చుట్టూ ఒకటి ఉంటాయి. కొత్త గాస్కెట్ గుండ్రంగా ఉంటుంది, గోటితో నొక్కితే మళ్ళీ లేస్తుంది. మూడు నాలుగేళ్ళు చెమట, సబ్బు, వేడి తిన్నాక ట్వీజర్‌తో ఎత్తి చూస్తే బల్లపరుపుగా అణిగిపోయి, గట్టిపడి, లాగితే పుటుక్కున తెగుతుంది. వాచీ మీద అంకె మాత్రం 30 మీటర్లనే ఉంటుంది, అది అరగదు కదా. అన్నిటికన్నా వేడినీళ్ళ స్నానం చెడ్డది. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, సబ్బు నురగ సందుల్లోకి దూరుతుంది, బయటికొచ్చి చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుని తడిని లోపలికి పీలుస్తుంది. కార్తీకమాసం తెల్లవారుజామున వెచ్చటి మణికట్టు మీద ఉన్న వాచీని చల్లటి గోదావరిలో ముంచితే జరిగేదీ అదే. నడుం లోతు చాలు. కీ ఒక వెంట్రుకవాసి బయటికి లేచి ఉంటే మగ్గు నీళ్ళు కూడా చాలు.

మా నాన్నగారు రాజమండ్రిలో వాచీలు బాగుచేసేవారు. ఎక్కువగా హెచ్.ఎం.టి.లే. బాగుచేసిన వాచీ చేతికిచ్చే ముందు ప్రతి మనిషినీ అడిగేవారు: "స్నానానికి తీసి పెడతారా అండీ?" తియ్యం అన్నవాళ్ళతో కాసేపు కూర్చోబెట్టి మాట్లాడేవారు. చిన్నప్పుడు నాకది చాదస్తంలా ఉండేది. ఇప్పుడు నా కౌంటర్ దగ్గర అదే ప్రశ్న అడుగుతున్నాను.

అపోహ: తడిస్తే బియ్యంలో పెడితే చాలు

చాలదు. పైగా ఆ రోజులన్నీ వృథా. నీళ్ళు చేరినంత తేలిగ్గా మూసిన కేసులోంచి తేమ బయటికి రాదు. బియ్యం అంత దూరం నుంచి లాగలేదు. ఈలోగా లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఆ కుర్రాడి వాచీ మూత తీస్తే కీ కడ్డీ చుట్టూ ఎర్రటి తుప్పు, సెల్లు కాంటాక్టు మీద పచ్చటి పొర. కాయిల్‌కి చుట్టే రాగి తీగ వెంట్రుక కన్నా సన్నం, అదెక్కడో తెగింది. మీటరు పెడితే రీడింగే లేదు. కీ చుట్టూ బియ్యప్పిండి తడికి ముద్దయి, ఎండి, అంటుకుపోయింది. డయల్ మీద ఆరో అంకె దగ్గర తెల్లటి మరక. అది ఇక పోదు.

తడిసిందని తెలిస్తే ఆ రోజే మూత తీయించండి. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, వేడికి తేమ ఆవిరై డయల్ వెనక్కి పాకుతుంది. ఉప్పునీళ్ళయితే గంటలు కూడా లెక్కే. అదే రోజు తెచ్చిన వాచీల్లో చాలావాటిని ఆరబెట్టి, శుభ్రం చేసి, కొత్త గాస్కెట్లతో తిరిగి ఇచ్చాను. మూడు వారాల తర్వాత తెచ్చిన వాటికి మిషను మార్చాల్సిందే.

తడి చేరిందో లేదో అనుమానంతో నిద్రపట్టని వాళ్ళూ వస్తారు. వాళ్ళకి ఎదురుగానే చూపిస్తాను. వాచీని 40 డిగ్రీల ప్లేటు మీద వెచ్చబెట్టి, అద్దం మీద ఒక చుక్క చల్లటి నీళ్ళు వేసి, ఒక్క నిమిషం ఆగి తుడుస్తాను. లోపల తేమ ఉంటే చుక్క ఉన్నంత మేర అద్దం అడుగున మసక కమ్ముతుంది. లేకపోతే అద్దం తేటగా ఉంటుంది. ఆ తేట అద్దం చూసి వాళ్ళు వదిలే ఊపిరి నాకు వినిపిస్తుంది.

అపోహ: సెల్లు మార్చడం ఐదు నిమిషాల పని, ఎక్కడైనా ఒకటే

సెల్లు వేయడం నిజంగానే ఐదు నిమిషాలు. మూత సరిగ్గా మూయడమే అసలు పని. ఈ ధర వాచీల్లో చాలావాటికి వెనక మూత నొక్కితే పట్టే రకం. పాత గాస్కెట్ మడత పడి అంచు కింద నలిగినా మూత టక్కున పడుతుంది, చప్పుడు బాగానే వస్తుంది. బొటనవేలితో అదిమి మూసిన వాచీలు, మధ్యలో గాస్కెట్టే లేని వాచీలు నా దగ్గరికి వచ్చాయి. సెల్లు మార్పించేటప్పుడు మూడు అడగండి: గాస్కెట్ మారుస్తారా, సిలికాన్ గ్రీజు రాస్తారా, ప్రెషర్ టెస్ట్ చేస్తారా. లేదంటే వాళ్ళని తిట్టక్కర్లేదు. ఆ రోజు నుంచి ఆ వాచీకి నీళ్ళు తగలనివ్వకండి, అంతే.

మిగతావి త్వరగా.

అపోహ: బ్రిటిష్ బ్రాండ్ కాబట్టి బ్రిటన్‌లో తయారైంది

సెకొండా అనే వాచీ బ్రాండ్ సంగతి చూడండి. 1966లో మొదలైంది, మా లెస్టర్ కంపెనీయే. కానీ మొదటి పాతికేళ్ళూ ఆ పేరుతో అమ్మిన వాచీలు సోవియట్ యూనియన్ ఫ్యాక్టరీల్లో తయారైనవి. మాస్కోలో పోల్యోట్ తయారుచేసిన 3017 క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) కూడా సెకొండా పేరుతో ఇక్కడికి వచ్చింది. మన ఇళ్ళకి తక్కువ ధరకి, గట్టి అట్టలతో సోవియట్ తెలుగు పుస్తకాలు వచ్చిన కాలంలోనే ఇక్కడి కార్మికుల మణికట్లకి సోవియట్ వాచీలు వచ్చాయి. రెండూ బాగా మన్నాయి. సోవియట్ యూనియన్ పోయాక తయారీ ఆసియాకి మారింది. రోటరీ అయితే 1895లో పుట్టింది స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫోన్‌లో. ఆక్యురిస్ట్ 1946లో లండన్ క్లార్కెన్‌వెల్‌లో మొదలైంది. కాబట్టి 'హెరిటేజ్' అన్న మాట చూసి ఫ్యాక్టరీ ఎక్కడుందో ఊహించకండి. అలాగని ఆసియాలో చేసింది నాసిరకం అనుకోవడమూ తప్పే. అందులో ఉండే మిషను చాలాసార్లు జపాన్ కంపెనీలది, సంవత్సరాల తరబడి నడుస్తుంది.

పాత సోవియట్ సెకొండా కొనేవాళ్ళకి ఒక్క మాట. డయల్ అడుగున 'మేడ్ ఇన్ యూఎస్ఎస్ఆర్' అని ఉంటే చాలదు. డయల్ ఒకదానిది, ముళ్ళు ఒకదానివి, కేసు ఇంకొకదానిది కలిపి అమ్మేవాళ్ళున్నారు. మూత తీసిన ఫోటో అడగండి. దాన్ని నీళ్ళ దగ్గరికి అసలు తీసుకెళ్ళకండి.

అపోహ: క్వార్ట్జ్ (సెల్లుతో నడిచే వాచీ) అంటే వాడి పారేసేది

కాదు. నెలకి 15, 20 సెకన్లకి మించి తేడా రాదు. మిషను పోతే అదే రకం కొత్తది దొరుకుతుంది, డయల్, ముళ్ళు అవే ఉంచి మార్చేస్తాం. కీ ఇచ్చే వాచీ అంటే నాకు ప్రాణం, కానీ రోజూ ఆఫీసుకి పెట్టుకునే మనిషికి ఇది చాలు. సెకన్ల ముల్లు నాలుగేసి సెకన్లకి ఒకసారి గెంతుతుంటే టెన్షన్ పడకండి. సెల్లు అయిపోవస్తోందని చాలా మిషన్లు అలా చెబుతాయి. ఆగిపోయాక మాత్రం సొరుగులో పడేసి ఉంచకండి, సెల్లు కారితే ఖర్చు పెరుగుతుంది.

ఆ కుర్రాడి వాచీకి కొత్త మిషను, కొత్త గాస్కెట్లు, కీ మార్చాను. అన్నీ కలిపి 30 పౌండ్లయింది. 45 పౌండ్ల వాచీకి అంత పెట్టడం దండగని నేనే ముందు చెప్పాను. ఇంకొకటి కొంటే మరక లేని డయల్ వస్తుందనీ చెప్పాను. "నాన్న దాన్నే అడుగుతున్నారండీ" అన్నాడు. బుధవారం వచ్చి తీసుకున్నప్పుడు వీడియో కాల్ చేసి నాకు ఫోన్ ఇచ్చాడు. నాన్నగారు ముందుగా క్షమాపణలాంటి మాటేదో మొదలుపెట్టారు. మీ తప్పు కాదండీ, ఆ అంకె చూస్తే అందరికీ అలాగే అనిపిస్తుంది, స్నానానికి తీసి పెట్టండి చాలు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి అడిగారు:

"పొలం దగ్గర వాన పట్టుకుంటే పర్లేదా బాబూ?"

"వానకి పర్లేదండీ. ఇంటికి రాగానే గుడ్డతో తుడవండి."