కంటికి ఆనని వాలు

బెంగళూరు హెబ్బాళ నుంచి దేవనహళ్ళి మీదుగా నంది కొండకు కారులో వెళ్ళొచ్చినవాళ్ళను దారి ఎలా ఉందని అడిగితే, కొండ వచ్చేదాకా అంతా చదునే అంటారు. అదే దారిలో సైకిల్ తొక్కినవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. యలహంక దాటాక కాళ్ళు ఎక్కడ బరువెక్కుతాయో, ఏ చెరువు దగ్గర తొక్కకుండానే బండి జారుతుందో వాళ్ళకు కంఠతా వచ్చు. ఆదివారం తెల్లవారకముందే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, యలహంకల నుంచి బయల్దేరే సైక్లిస్టుల గుంపుల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. “అన్నా, గేర్ తగ్గించుకో, ముందు ఎత్తుంది” అని వెనక నుంచి ఎవరో కేకేస్తారు. తలెత్తి చూస్తే రోడ్డు చదునుగానే కనిపిస్తుంది. కానీ వాలు ఉంది. కంటికి ఆనదు, కాళ్ళకు తెలుస్తుంది.

ఎందుకు తెలుస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. గాలి బిర్రుగా కొట్టిన టైర్లతో మంచి తారు రోడ్డు మీద పోతుంటే, టైరు నలిగి మళ్ళీ సర్దుకోవడం వల్ల వెనక్కి లాగే బలం సుమారు నాలుగు న్యూటన్లు. చేతిలో నాలుగు వందల గ్రాముల బరువు పెట్టుకుంటే తెలిసేంత. ఇప్పుడు రోడ్డు వంద మీటర్లకు ఒక్క మీటరు లేచిందనుకోండి. గురుత్వాకర్షణ వెనక్కి లాగే బలం దాదాపు ఎనిమిది న్యూటన్లు, అంటే టైర్ల నిరోధానికి రెట్టింపు. గాలి లేని పూట చదును నేల మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 90, 95 వాట్లు చాలు. ఆ ఒక్క శాతం వాలు మీద అదే వేగం నిలబెట్టాలంటే ఇంకో 54 వాట్లు కావాలి. అప్పటిదాకా పడుతున్న కష్టానికి సగం పైన కొత్తగా చేరిందన్నమాట. కారులో యాక్సిలరేటరు మీద పాదం ఈ తేడాను పట్టించుకోదు. సైకిల్ మీద ఊపిరి మారిపోతుంది.

చెన్నై నుంచి బెంగళూరుకు బదిలీ అయి వచ్చినవాళ్ళకు ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి సాంద్రత చెన్నైలో కన్నా దాదాపు 9 శాతం తక్కువ. వేగంగా పోయేటప్పుడు శక్తి ఎక్కువగా గాలిని చీల్చడానికే పోతుంది కనుక చదును నేల మీద బండి కాస్త తేలిగ్గా సాగుతుంది. చెన్నైలోని ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సముద్రం పక్కన తొక్కి అలవాటైనవాళ్ళు ఆ తేడా చూసి మురిసేలోపే మొదటి ఎత్తు వచ్చి లెక్క సరిచేస్తుంది.

ఆ ఎత్తుపల్లాలు అక్కడ ఎందుకున్నాయన్నదే నాకు ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. బెంగళూరు పక్కన పెద్ద నది లేదు. నీళ్ళు రెండు వైపులకూ జారిపోయే మిట్ట మీద కట్టుకున్న ఊరది. పడమటి వాన అర్కావతిలో చేరి కావేరికి పోతుంది, తూర్పు వాన దక్షిణ పినాకినికి. పడిన నీరు పడినట్టే పోతుంటే ఆపుకోవాలి కదా. అందుకే పల్లమున్న చోటల్లా వాగుకు అడ్డంగా మట్టికట్ట వేశారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి. మన రాయలసీమలో, తెలంగాణలో గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. చుట్టూ బురద, మాగాణి ఉండే చోట గట్టి నేల కట్ట ఒక్కటే కాబట్టి పాత బాటలు చాలావరకు కట్టల మీదుగానే సాగాయి. తర్వాత వాటి మీదే తారు పడింది. హైవే వదిలి పల్లెల రోడ్లు పడితే సైకిల్‌కు ఆ వరస తెలిసిపోతుంది. మిట్ట, దిగుడు, కట్ట, మళ్ళీ మిట్ట.

ఒక కట్ట మీద ఆగి రెండు పక్కలా చూడండి. ఒక పక్క నీళ్ళు దాదాపు రోడ్డు అంచుదాకా ఉంటాయి. రెండో పక్క పొలం నిలువెత్తు కిందికి ఉంటుంది. నీటి లోపల, కట్టకు దగ్గర్లో రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డరాయి కనిపిస్తే అది తూము. దాని రంధ్రాన్ని మూసిన బిరడాను ఎత్తితే నీరు కట్ట కింద నుంచి పొలాలకు పోతుంది, మోటారు పని లేదు. కట్ట కొసన రాళ్ళు పరిచిన తక్కువ ఎత్తు గోడ అలుగు. వాన ఎక్కువైతే కట్ట తెగకుండా కాపాడేది అదే. కొలతపరికరాలు ఇన్ని లేని రోజుల్లో ఆ అలుగు ఎత్తును ఒక జానెడు అటూ ఇటూ కాకుండా నిలిపినవాళ్ళ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు. ఒక జానెడు ఎక్కువ పెడితే కట్ట మీదికి నీళ్ళొస్తాయి, తక్కువ పెడితే కింది ఆయకట్టు ఎండుతుంది. మనం కాళ్ళతో కనిపెడుతున్న వాలును వాళ్ళు పారే నీటితో కనిపెట్టారు.

చలికాలం తెల్లవారుజామున ఇంకొకటి గమనించవచ్చు. మిట్ట మీద హాయిగా ఉన్న గాలి, చెరువు పల్లంలోకి దిగగానే చెవులు జివ్వుమనేంత చల్లబడుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. అదే సమయంలో చెరువు నీరు గాలికన్నా వెచ్చగా ఉంటుంది కాబట్టి దాని నుంచి లేచిన ఆవిరి చల్లగాలి తగిలి పొగలా కనిపిస్తుంది. నంది కొండ పాదం దగ్గర వణికినవాళ్ళకు నాలుగు మలుపులు ఎక్కాక చలి తగ్గినట్టు అనిపించడంలో వాళ్ళ ఒంటి వేడితో పాటు ఈ సంగతి కూడా కొంత ఉంటుంది.

ఇక కొండ. ఈ పీఠభూమి కింది రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల నుంచి 300 కోట్ల ఏళ్ళు. లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి ఫొటోలు దిగే గుట్ట కూడా ఆ పాత రాయే. రాతిలో పగుళ్ళు ఎక్కువున్న చోట వాన నీరు లోపలికి దిగి, కోట్ల ఏళ్ళలో రాయిని మెత్తబరిచి మట్టి చేసింది. ఆ మట్టి కొట్టుకుపోయింది. పగుళ్ళు తక్కువున్న దిట్టమైన రాయి నీటిని లోపలికి రానివ్వలేదు, అలాగే నిలబడింది. పడమర సావనదుర్గ, ఉత్తరాన నంది అలా మిగిలినవే. నంది ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు.

పాదం నుంచి పైదాకా ఘాట్ రోడ్డు ఏడు కిలోమీటర్లు దాటి ఉంటుంది. ఎక్కే ఎత్తు సుమారు 450 మీటర్లు. 80 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి కావాల్సిన శక్తి దాదాపు 353 కిలోజౌళ్ళు. దారి ఎన్ని మెలికలు తిరిగినా ఈ అంకె మారదు. దారి పొడవు పెరిగితే ఒక్కో తొక్కుకు వేయాల్సిన బలం తగ్గుతుంది, అంతే. నలభై నిమిషాల్లో ఎక్కితే ఎత్తుకే 147 వాట్లు, అరగంటలో అయితే 196. మన కండరాలు తిన్నదానిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయి, మిగతాది వేడి. అందుకే కొండ ఎక్కడానికి 350, 400 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి, చలిలోనూ చొక్కా తడిసిపోతుంది.

ఇక్కడ గాలి నిరోధం గురించి ఆలోచించక్కర్లేదు, గంటకు పది కిలోమీటర్ల వేగంలో అది నామమాత్రం. పని చేసేవి గేర్లు. ముందు 34 పళ్ళ చక్రం, వెనక 32 పళ్ళది పెట్టుకుంటే పెడల్ ఒక చుట్టుకు బండి రెండు మీటర్ల పైచిలుకు కదులుతుంది. నిమిషానికి 75 చుట్లు తొక్కితే ఆ పది కిలోమీటర్ల వేగం వస్తుంది, మోకాళ్ళు బతికిపోతాయి. ఊళ్ళో నడిపినట్టు పెద్ద గేర్‌లోనే ఎక్కుతానని పంతం పట్టేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ముందు దెబ్బతినేది మోకాలే.

పైకి చేరాక సూర్యోదయం వైపే అందరూ తిరుగుతారు. ఒకసారి చుట్టూ చూడమంటాను. ఈ నంది కొండల వరసలోనే మన పెన్న పుడుతుంది. ఇక్కడి నుంచి అనంతపురం, కడప దాటి, దాదాపు 600 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలిసే చిత్రావతిదీ ఈ చుట్టుపక్కలే. దక్షిణ పినాకిని తమిళనాడులోని కడలూరుకు, అర్కావతి కావేరికి. ఒకే మబ్బు కురిసిన వాన కొండకు ఏ పక్క పడిందన్న దాన్ని బట్టి ఒక చుక్క నెల్లూరుకు, ఇంకో చుక్క కడలూరుకు బయల్దేరుతుంది. నెల్లూరు నుంచి ఉద్యోగానికి వచ్చి వారం వారం ఈ కొండ ఎక్కే పిల్లలకు ఈ సంగతి చెబితే వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి.

దిగేటప్పుడు ఎక్కించిన శక్తంతా తిరిగొస్తుంది. కొంత గాలికి పోతుంది, కొంత బ్రేకుల్లో వేడవుతుంది. పది మీటర్ల వ్యాసార్థమున్న మలుపును పొడి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల దగ్గర తిరగగలిగితే, మంచుకు తడిసిన రోడ్డు మీద ఆ హద్దు 22కు పడిపోతుంది. ఇందులో మనిషి బరువు లెక్కలోకి రాదు, ఎంత సన్నవాళ్ళకైనా అదే హద్దు. కాబట్టి బ్రేకు మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేసుకోవాలి. టైరు పట్టు అంతా మలుపుకే కావాలి.

దిగి వచ్చే దారిలో, ఎండాకాలంలోనూ నిండుగా ఉన్న చెరువులు కొన్ని కనిపిస్తాయి. అది వాన నీరు కాదు. బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం జిల్లాల చెరువులకు పంపు చేస్తున్నారు. రోజుకు 21 కోట్ల లీటర్లు పంపేలా ఆ పథకాన్ని రూపొందించారు. సైకిల్ లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. అన్ని నీళ్ళను పది మీటర్లు ఎత్తాలంటే, పంపుల నష్టాలు కలపకుండానే రోజుకు 5,700 యూనిట్ల కరెంటు. వెయ్యి అడుగులు దాటినా బోర్లలో నీళ్ళు పడని పల్లెలవి, కాబట్టి ఆ ఖర్చు దండగని నేను అనను. పల్లంలో చెరువు నిండితే చుట్టూ భూగర్భజలం పైకి వస్తుంది. కానీ ఆ నీరే భూమిలోకి ఇంకి, రేపు తాగే బోరులోకి చేరుతుంది. రెండు దశలు చాలవు, మూడో దశ శుద్ధి కూడా చేశాకే పంపాలని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వాళ్ళు అడిగేది న్యాయం.