నాన్న పేరు మీద మారథాన్ పరిగెత్తే వాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఆగస్టు మారథాన్‌కి రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు. "అన్నా, నాన్న పోయి ఏడాది అయితుంది, ఆయన పేరు మీద ఫుల్ మారథాన్ ఉరకాలె, విరాళంగా వచ్చిన పైసలు ట్రస్టుకి ఇయ్యాలె, ఎట్ల ప్రాక్టీస్ చెయ్యాలె?" కోచ్‌గా నేను ముందు అడిగేది నీ స్పీడెంత అని కాదు, నాన్న దేనివల్ల పోయారు, అప్పటికి ఆయన వయసెంత అని. బాధ గుర్తుచేస్తున్నానని తెలుసు, అయినా అడగక తప్పదు. చాలాసార్లు వచ్చే జవాబు హార్ట్ ఎటాక్.

అపోహ: "నాన్నకి సిగరెట్లు, షుగర్ ఉండేవి. నేను రోజూ పరిగెత్తుతా, నాకేం కాదు."

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చిందంటే డాక్టర్లు దాన్ని ఫ్యామిలీ హిస్టరీ కింద రాసుకుంటారు, మీరెంత ఫిట్‌గా ఉన్నా సరే. వంశంలో వచ్చే హై కొలెస్ట్రాల్ అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. పరుగు వల్ల మేలు జరుగుతుంది, కానీ పుట్టుకతో వచ్చింది పరుగుతో పోదు.

"ఈసీజీ తీయించా అన్నా, నార్మల్" అంటారు వెంటనే. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఆ కాసేపటి సంగతే చెప్తుంది, రక్తనాళాల్లో పూడికలున్నా నార్మల్ రావచ్చు. కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లి నాన్న ఏ వయసులో పోయారో, మీరు 42.195 కిలోమీటర్లు పరిగెత్తబోతున్నారని నోరు తెరిచి చెప్పండి, లిపిడ్ ప్రొఫైలా (రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష), ఎకోనా (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ టెస్టా అనేది ఆయన తేలుస్తారు. ల్యాబ్ ప్యాకేజీ కొనుక్కుని వాట్సాప్ గ్రూపులో రిపోర్టు చదివించుకోవద్దు దయచేసి.

మా నాన్న 51 ఏళ్లకే పోయారు. రాత్రి భోజనం చేసి లేచాక ఛాతీలో మంటన్నారు, గ్యాస్ అనుకుని అమ్మ సోడా తెప్పించింది, ఆ గ్లాసు సగం అలాగే ఉండిపోయింది. ఆయన ఫొటో ల్యామినేషన్ చేయించి బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) కింద పిన్నులు పెట్టుకుని రెండు ఫుల్ మారథాన్లు పరిగెత్తాను, రెండోసారి కేబుల్ బ్రిడ్జి దాటేసరికి చెమట లోపలికి దిగి ఫొటోలో భుజం దగ్గర రంగు కరిగిపోయింది. ఆ రెండేళ్లలో ఒక్క టెస్టూ చేయించుకోలేదు. మూడో ఏడు వేరే పని మీద రక్తం ఇస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 196 వచ్చింది. డాక్టర్ కాగితం చూసి, నాన్నగారు ఏ వయసులో పోయారమ్మా అన్నారు. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. టాబ్లెట్లు మొదలుపెట్టారు, ట్రెడ్‌మిల్ టెస్టు బాగానే వచ్చింది, పరుగు మానమని మాత్రం అనలేదు. తర్వాతి ఆగస్టులో మళ్లీ నెక్లెస్ రోడ్డు మీద స్టార్ట్ లైన్‌లో నిలబడ్డాను.

ఇది చదివి భయపడిపోకండి. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా ఫుల్, హాఫ్ మారథాన్లు పరిగెత్తిన కోటీ 9 లక్షల మందిలో గుండె ఆగింది 59 మందికి. కారణం తెలిసిన కేసుల్లో ఎక్కువగా ముందునుంచే ఉన్న గుండె జబ్బే. అందుకే ముందే చూపించుకోమంటున్నా.

అపోహ: "మధ్యలో ఆగితే నాన్నకిచ్చిన మాట తప్పినట్టే."

మొక్కులా పట్టుకుంటారు దీన్ని, అర్థం చేసుకోగలను, నేనూ అలాగే పరిగెత్తాను. కానీ ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి మెడికల్ వాలంటీర్‌ని పిలవండి. జనం ఇచ్చిన డబ్బు ట్రస్టుకి చేరిపోయింది, మీరు ఆగారని ఎవరూ వెనక్కి అడగరు.

మిగతావి గబగబా. నీళ్లు ఎంత తాగితే అంత మంచిదనేది తప్పు, ఉత్త నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి అదే జరిగింది, దాహమేస్తే తాగండి. పరుగుకి ముందు పెయిన్ కిల్లర్ వేసుకోవద్దు, కిడ్నీలకి దెబ్బ. తద్దినం దగ్గర పడిందని ఒక్కపొద్దుండి పరిగెత్తుతానంటారు కొందరు, వద్దు, ఉపవాసం ఇంకోరోజు ఉండండి. ఇప్పుడే షూస్ కొన్నవాళ్లకి మూడు నెలల్లో ఫుల్ కుదరదు, ఈ ఏడాది 10కే పరిగెత్తండి, విరాళం అంతే వస్తుంది.

డబ్బు సంగతి: రిజిస్ట్రేషన్ ఫీజు విరాళం కాదు. స్నేహితులు ట్రస్టుకి ఇచ్చిన దానికి పన్ను మినహాయింపు రసీదు వాళ్ల పేరు మీదే రావాలి, మీ పేరు మీద కాదు, 2,000 దాటి క్యాష్‌గా ఇస్తే మినహాయింపు రాదు. మీ సొంత ఖాతాలో వసూలు చేసి తర్వాత పంపడం అసలే వద్దు.

డాక్టర్‌కి చూపించుకున్నాక మెసేజ్ పెట్టండి. ఆదివారం పొద్దున ఐదింటికి కేబీఆర్ పార్క్ మెయిన్ గేట్ దగ్గర ఉంటాం.